గోడౌన్‌లో తొమ్మిది మంది వికెట్ కీపర్లు

మిర్చిలో మునిగినవాళ్ళని చూశాను. పత్తిలో పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. పసుపు కొని తెల్లమొహం వేసినవాళ్ళనీ చూశాను. కానీ వికెట్ కీపర్లని కొని నిలువునా మునిగిన వ్యాపారి మాత్రం తిరువూరు మొత్తానికి ఒక్కడే. ఆ ఘనుడు ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నవాడే. నవ్వదల్చుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, తర్వాత తీరిక దొరక్కపోవచ్చు.

మాది కిరాణా కొట్టు. నడక కంటే ముందు నాకు బేరం వచ్చింది. ఉగ్గుగిన్నె చూపిస్తే ఇంకో చెంచా కొసరు వేస్తేగాని ఏడుపు ఆపేవాణ్ణి కాదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇక వ్యాపారంలో మా నాన్న నాకు చెప్పిన మంత్రం ఒక్కటే: "చవగ్గా ఉన్నప్పుడు కొని పడెయ్. కరువొచ్చినప్పుడు బయటికి తియ్."

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఫోన్లో ఒక క్రికెట్ ఆట కంటబడింది. అందులో బ్యాటు పట్టక్కర్లేదు, ఎండలో నిలబడక్కర్లేదు. మనం జట్టుకి మేనేజరు. ఉత్తుత్తి డబ్బు పెట్టి ఉత్తుత్తి ఆటగాళ్ళని వేలంలో కొనాలి, తర్ఫీదు ఇవ్వాలి, జీతాలివ్వాలి, వారం వారం పదకొండు మందిని ఎంచి పంపాలి. మ్యాచ్ కంప్యూటరే ఆడించి ఫలితం చెబుతుంది. అన్నిటికీ మించి పైన ఫ్రీ అని రాసుంది. ఫ్రీ అంటే ఫినాయిలైనా తాగుతారని మా బోటివాళ్ళని అంటారు గాని, అది నింద. ముందు సీసా ఎంత పెద్దదో చూస్తాం.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం ఎనిమిది మందిమి కలిసి ఒక లీగు పెట్టుకున్నాం. వేలం కూడా మా ఎనిమిది జట్ల మధ్యే. ఫోన్లో జట్ల పేర్లే గాని, కొన్నిటి వెనక మనుషులెవరో తెలియదు. నా జట్టు పేరు 'తిరువూరు టాప్ క్వాలిటీ'. బౌలర్లని మంచివాళ్ళనే తెచ్చాను, మొదటి మ్యాచ్‌లు వరసగా గెలిచాను. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

ఒకరోజు వేలంలో చూస్తే కీపర్లు పుచ్చు వంకాయల ధరకి పోతున్నారు. నా బుర్రలో తక్కెడ ఊగింది. జట్టుకి కీపరు తప్పనిసరి. మిగతా ఏడు జట్ల కీపర్లూ ముసలివాళ్ళు, రేపో మాపో రిటైరవుతారు. ఉన్న కీపర్లందర్నీ నేనే కొని దాచేస్తే? కరువు రాదూ! వాళ్ళంతా మా కొట్టు ముందు క్యూ కట్టరూ!

ఎదుటివాళ్ళ కీపర్లకి వయసు మీద పడుతుందని కనిపెట్టిన ఈ మేధావికి, తను కొంటున్నవాళ్ళకీ పుట్టినరోజులు వస్తాయని తట్టలేదు. అందులోనూ ఆ ఆటలో కాలం గుర్రమెక్కి పోతుంది. మనకు కొన్ని వారాలైతే వాళ్ళకు ఒక ఏడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను.

"ఏం కొన్నావురా?"

"కీపర్లని, నాన్నా."

"ఎంతమందిని?"

"తొమ్మిది."

"జట్టుకి ఎంతమంది కావాలి?"

"ఒకడు."

నాన్న ముద్ద నోటి దగ్గర ఆపాడు. తిడతాడనుకున్నాను. మా ఇంట్లో తిట్టడానికి ముందు ఒక ప్రశ్న ఉంటుంది. అదే అడిగాడు.

"పురుగు పడుతుందా?"

"పట్టదు."

"అయితే ఉంచు" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండు తరాల తెలివి ఒకే పళ్ళెంలో చల్లారిన శుభముహూర్తం అది.

వారం తిరక్కుండా మొదటి గిరాకీ వచ్చింది. ఫోన్లోకి కాదు, నేరుగా కొట్లోకే. రెడ్డిగూడెంలో మామిడి తోటలున్న రాజ్యలక్ష్మి గారు. ఏటా మాకు ఆవకాయ కాయ వేసేది ఆవిడే. బెల్లం తూయించుకుంటూ అంది:

"ఏవయ్యా చిన్న శెట్టీ, మా కీపరు రిటైరైపోయాడు. నీ దగ్గర తొమ్మిది మంది మూలుగుతున్నారుగా, ఒకణ్ణి ఇవ్వు."

నా చేతిలో బెల్లం చేతిలోనే ఉండిపోయింది. "రెడ్డిగూడెం రసాలు... ఆ జట్టు మీదా అండీ?"

"నాదే. మోకాలు ఆపరేషనై మంచాన పడ్డప్పుడు పట్టుకున్నా, ఇంక వదల్లేదు. రేటు చెప్పు."

"ఒక్కొక్కడూ లక్షండీ."

"నువ్వు కొన్నది నాలుగు వేలకి."

"అది అప్పటి మాట. ఇప్పుడు సరుకు లేదండీ బయట. పైగా అనుభవం చూడండి, ముప్పై ఒకటి!"

"అది అనుభవం కాదయ్యా, వయసు. పదిహేను వేలిస్తా."

"మీరు కాబట్టి తొంభై."

"ఇరవై."

"ఎనభై తొమ్మిది. ఇంకా తగ్గితే నా పిల్లలు పస్తులుంటారు."

"నీకింకా పెళ్ళే కాలేదు" అని బెల్లం సంచీలో వేసుకుని మెట్లు దిగింది.

వెళ్ళిపోయే గిరాకీని వెనక్కి పిలవడానికి ఒక లెక్క ఉంది. మెట్టు దిగి మూడడుగులు వేశాక పిలవాలి. ముందే పిలిస్తే అలుసు, ఆలస్యమైతే ఆటో ఎక్కేస్తారు. నేను రెండు లెక్కపెట్టేసరికి ఆవిడే ఆగి వెనక్కి తిరిగింది. దారికొచ్చిందనుకున్నాను.

"పందెం వేస్తావా? కప్పు నువ్వు గెలిస్తే ఈ ఏడు మా కాయకి నువ్వు చెప్పిందే రేటు, నేను కిక్కురుమనను. నేను గెలిస్తే నువ్వు నాతో బేరమాడకూడదు. ఒక్క రూపాయి కూడా."

కొట్లో ఉన్న నలుగురూ నావైపు తిరిగారు. బేరమాడకుండా కొనడం అంటే మా ఇంట్లో పంచె లేకుండా బోసుబొమ్మ సెంటర్లో నిలబడటంతో సమానం. కానీ నా వెనక తొమ్మిది మంది కీపర్లున్నారు. "సరేనండీ" అన్నాను. "మరి కీపరు లేకుండా ఎలా గెలుస్తారు?"

"కొనుక్కోవడమెందుకూ? పెంచుకుంటా" అని, అక్కడే నిలబడి కొత్త కుర్రాళ్ళ జాబితాలోంచి పదిహేడేళ్ళవాణ్ణి ఒకణ్ణి తీసి కీపింగ్ తర్ఫీదులో వేసింది. నాకు నవ్వాగలేదు. ఎండలో మొక్క నాటి, నీడ వస్తుందిలే అని గొడుగు ముడిచినట్టు అనిపించింది.

ఆ మొక్క పెరిగింది. ఆవిణ్ణి చూసి మిగతా ఆరుగురూ తలో కుర్రాణ్ణి పెంచుకున్నారు. నా కొట్టు ముందు క్యూ కాదు కదా, కాకి కూడా వాలలేదు. నా కీపర్ల పేర్ల పక్కన ఐదేసి నక్షత్రాలుండేవి. అవి మూడయ్యాయి, రెండయ్యాయి.

"పురుగు పట్టదన్నావు?" అన్నాడు నాన్న.

"పురుగు పట్టలేదు నాన్నా. మోకాళ్ళు పట్టేశాయి."

"ధర దించెయ్."

"దించాను. ఒకడిని కొంటే ఒకడు ఫ్రీ అన్నాను. ఫ్రీగా వచ్చేవాడి జీతం ఎవడిస్తాడని అడుగుతున్నారు."

నిజమే, తొమ్మిది మందికీ వారం వారం జీతాలు. కట్టలేక నా బంగారంలాంటి బౌలర్లని అమ్మాను. కదలని సరుకుని కాపాడటానికి కదిలే సరుకుని అమ్మినవాణ్ణి ఏమంటారో మా నాన్న అన్నాడు గాని, ఇది నలుగురూ చదివేది.

మొదట్లో గెలిచిన మ్యాచ్‌ల పుణ్యాన ఆఖరి మ్యాచ్ నాటికి నాకూ రాజ్యలక్ష్మి గారికీ పాయింట్లు సమానం. గెలిచినవాళ్ళదే కప్పు. ఆదివారం నాలుగింటికి ఆవిడ కొట్టుకే వచ్చి, స్టూలు మీద కూర్చుని నిమ్మసోడా తెప్పించుకుంది. నా పదకొండు మందిలో తొమ్మిది మంది కీపర్లు, ఇద్దరు బ్యాటర్లు. కంప్యూటరు ఒక్కో బంతికీ ఒక్కో ముక్క రాస్తూ పోయింది. మొదటి ఓవరు వేసింది కీపరు. రెండోది వేసింది కీపరు. ఆవిడ స్కోరు నూట తొంభై దాటాక, సోడా పక్కన పెట్టి జాలిగా అడిగింది:

"ఏవయ్యా, నీ దగ్గర అందరూ బంతి పట్టుకునేవాళ్ళే గాని, వేసేవాడు ఒక్కడూ లేడేంటి?"

నేను అరవై ఒకటికి ఆలౌట్. ఆఖరివాణ్ణి స్టంపౌట్ చేసింది ఎవరనుకున్నారు? అప్పటి పదిహేడేళ్ళ మొక్కే.

"మీకు ఎప్పుడు తెలిసిందండీ నేను మునుగుతానని?"

"నువ్వు రెండో కీపర్ని కొన్న రోజే. కాయకి కోసే రోజొకటి ఉంటుంది బాబూ, అది దాటితే రాలిపోతుంది. నువ్వు కందిపప్పు మధ్య పెరిగావు, నీ తప్పు కాదు."

తాడి తన్నేవాడుంటే తలదన్నేవాడుంటాడని విన్నాను. తాడి జోలికి పోకుండా మామిడి చెట్టు కింద కూర్చుని తలదన్నేవాళ్ళని అప్పుడే చూశాను. నిజం చెబుతున్నాను, అంత చక్కగా ఓడించినందుకు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు, నాన్న చూస్తున్నాడు.

కాయ దిగిన రోజు ట్రాలీ ఆటో మా కొట్టు ముందు ఆగింది. నేను నోటికి తాళం వేసుకుని నిలబడ్డాను. ఆవిడ ఎంత చెబితే అంత. వీధి వీధంతా వినడానికి సిద్ధంగా ఉంది.

"వంద కాయలకి ఎంతండీ?"

ఆవిడ ఒక కాయని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "నేనేం చెబుతాను బాబూ. నువ్వే చెప్పు."

పందెంలో ఈ సంగతి లేదు! ఆవిడ తొమ్మిది వందలంటే చచ్చినట్టు ఇచ్చేవాణ్ణి. మార్కెట్ రేటు అదే.

"ఏడు వందలండీ" అన్నాను. ఆవిడ కాయలవైపు ప్రేమగా చూసింది.

"మరీ ఏడంటే బాగోదులెండి. ఎనిమిది." ఆవిడ కొంగు సర్దుకుంది.

"అబ్బే, పెద్ద కాయ. ఎనిమిదిన్నర చేసుకోండి... పోనీ తొమ్మిది!" ఆవిడ ఆకాశంకేసి చూసింది.

ఆవపిండి కోసం వచ్చినావిడ ఉండబట్టలేక అంది: "ఆవిడేం అనలేదు కదయ్యా!"

"మీరుండండమ్మా, బేరం నడుస్తోంది."

"ఎవరితో?"

"పది!" అని అరిచాను. "ఆఖరి మాట, పదకొండు వందలు! ఇంక పైసా ఇవ్వను!"

"నీ ఇష్టం బాబూ" అంది రాజ్యలక్ష్మి గారు నెమ్మదిగా. "నేను నీలాగా బేరాలాడేదాన్ని కాదు."

గల్లాపెట్టె దగ్గర నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆవిడకి చేతులెత్తి నమస్కారం చేశాడు. నావైపు చూడనైనా చూడలేదు.

అందుచేత, దించిన కాయల ఎదుట, వీధి వీధంతా సాక్షిగా ప్రమాణం చేశాను: జన్మలో ఇంకెప్పుడూ నాతో నేను బేరమాడను. ఒకవేళ ఆడవలసి వచ్చినా, నా మొదటి మాటకే నేను ఒప్పేసుకుంటాను.