పాయింటుకు పెయింటు

నన్ను తెలివైనవాడని నమ్ముతున్నవాళ్లు చదవడం ఇక్కడితో ఆపేయండి. తర్వాత నా పూచీ లేదు.

బంగారపేట నుంచి కేజీఎఫ్‌కు పోయే దారిలో ఒక చిన్న స్టేషన్లో అప్పట్లో నేను కొత్త అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మా దగ్గర కొత్తగా వేసిన రెండో లైను మీద ప్యాసింజరు నడవాలంటే సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ చూసి ఒప్పుకోవాలి. ఆయన వద్దంటే మంత్రిగారు జెండా ఊపినా బండి కదలదు. ఆయన ఎక్కడికైనా రావచ్చు, ఏదైనా తెరిపించవచ్చు, ఎవరినైనా అడగవచ్చు. అన్నీ చూపించి నిజం చెప్పడం రైల్వేవాళ్ల విధి.

ఈ రూలు చదివి నా బుర్ర గ్రహించింది ఒక్కటే. ఎక్కడికైనా వస్తాడు కాబట్టి ఎక్కడ చూసినా మెరవాలి! ముందురోజు సాయంత్రం పాయింట్స్‌మన్ జోసెఫ్‌ను పిలిచాను.

"ఇంగ యాడ మిగిలింది జోసెఫప్పా?"

"బెంచీ, బకెట్టు, కుళాయి అన్నిటికీ రంగు కొట్టేసినాము సార్. ఇంగ మీరూ నేనే మిగిలినాము. డబ్బాలో సగం ఉండాది."

"పాయింట్లు?"

"భలే గుర్తు చేసినారు సార్!"

పాయింట్లంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు. వాటికీ, అవి జారే పలకలకూ సందు వదలకుండా నల్లరంగు దట్టంగా పట్టించాం. పొద్దునకు పెళ్లికొడుకు బూట్లలా నిగనిగలాడాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనకాల పెద్దాఫీసర్ల దండు.

"పాయింటు మార్చప్పా," అన్నాడు.

లివరు లాగాను. కదల్లేదు. జోసెఫ్ నా నడుము పట్టుకుని లాగాడు. మేమిద్దరం వెల్లకిలా పడ్డాం, పాయింటు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏమి, తుప్పా?"

"కాదు సార్. పెయింటు. అతుక్కుపోయినాది."

"ఎవరు వేయించినారు?"

"నేనే సార్. తమరొస్తారని."

ఆయన నవ్వలేదు. "ఇప్పుడు సిగ్నల్ లివరు లాగు."

లాగాను. అదీ బిగుసుకుపోయింది! నా ఉద్యోగం బంగారపేట దాటిపోవడం కళ్లారా చూశాను.

"దేవుడిమీద ఒట్టు సార్, దానికి పెయింటు వెయ్యలేదు!"

అప్పుడు నవ్వాడాయన. "పాయింటు సరిగా పడకపోతే బండికి దారిచ్చే సిగ్నలు పడకూడదు. పడలేదు. నేను చూడాలనుకున్నదే అది. లైను పాసు. కానీ ఆ రంగు గోకేదాకా బండి నడవదు."

"నా ఉద్యోగం సార్?"

"ఉండనీప్పా. నీలాంటోళ్లు ఉంటారనే కదా ఇంత ఏర్పాటు చేసింది!"

తెల్ల యూనిఫాంలో పట్టాల మీద మోకాళ్లూని రంగు గోకుతూ, ఆఫీసర్లందరి ఎదుట ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో కదిలే వస్తువుకు రంగు వెయ్యను. మా ఇంటి తలుపులు నేటికీ బోసిగానే ఉన్నాయి. ఎందుకని మా ఆవిడ అడిగినప్పుడల్లా "సేఫ్టీ" అంటాను.