నివేదికకెక్కని బూజు

ఇన్నేళ్లుగా ఒక్క మాట నా గుండె మీద బండలా ఉంది. అది పచ్చి అబద్ధమైతే ఎవరైనా పట్టుకునేవారు. కాదు కాబట్టే దాగింది.

నేను నేర పరిశోధనకు సంబంధించిన ప్రయోగశాలలో పరీక్షకుడిని. ఎవరేం చెప్పినా రుజువు అడగడం నా స్వభావం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రాయచోటి వైపు పల్లె నుంచి ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి బట్టలు నా బల్ల మీదికి వచ్చాయి. అత్యాచారం కేసు. లక్క సీలు చెక్కుచెదరలేదు. లోపల ప్లాస్టిక్ కవరు. విప్పితే తడి, ముక్కవాసన, నల్లటి బూజు. తడి బట్టలను నీడన ఆరబెట్టి కాగితంలో చుట్టాలని పోలీసులకు మేమే పాఠం చెబుతాం. తడిగా మూసిపెడితే ఆనవాళ్లు కుళ్లిపోతాయి. ఆపైన పరీక్షలో ఏమీ కనబడకపోయినా దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

నా పని పుస్తకంలో ‘బూజు’ అని రాసుకున్నాను. నివేదికలో రాయలేదు. ‘పరీక్షకు పనికిరాదు’ అంటే స్టేషనుతో ఉత్తరాలు, సంజాయిషీలు, పై అధికారి విసుగు. ‘ఆనవాళ్లు కనబడలేదు’ అని సంతకం పెట్టాను.

కోర్టులో ముద్దాయి తరఫు వకీలు అడిగాడు: “కనబడలేదంటే, లేదనే కదా?”

“అవును,” అన్నాను.

ఎందుకన్నాను? కాదంటే కారణం అడుగుతాడు, బూజు బయటపడుతుంది. అంతే. అంతకన్నా గొప్ప కారణం కోసం ఏళ్ల తరబడి వెతికాను, దొరకలేదు.

వరండాలో ఆ అమ్మాయి ఎదురొచ్చింది.

“సార్, వానకు తడిసినాయి. ఆరబెట్టి తెస్తానంటే ఆ పోలీసాయప్ప ఇనల్యా. కవర్లో కుక్కి సీలేసినాడు. దానికే కనపడల్యా?”

అంత సూటి ప్రశ్న ఆ రోజు కోర్టులో ఎవరూ వేయలేదు.

“తెలియదమ్మా,” అన్నాను.

వాళ్లమ్మ ఆమె చేయి పట్టి లాగింది. “రామ్మే. శానా సదువుకున్న సారు. ఆయప్పకే తెలీదంట!”

కేసు కొట్టేశారు. శాస్త్రపరీక్ష ఆమె మాటను బలపరచలేదన్నారు. స్టేషనులో, ఆసుపత్రిలో, కోర్టులో ఆ పిల్ల చేత అదే సంగతి మళ్లీ మళ్లీ చెప్పించారు, ఒక్క మాట తేడా వస్తే నిలదీశారు. కవరు మూసిన పోలీసును గాని, సంతకం పెట్టిన నన్ను గాని ఎవరూ నిలదీయలేదు. మా చేతుల్లో రుజువు కుళ్లితే అబద్ధాలకోరు ఆమె ఎలా అవుతుంది? ఇదేం న్యాయం? ఈ కోపానికి నాకు హక్కుందా? లేదు. అయినా చల్లారదు.

నా జ్ఞాపకాన్నీ అనుమానించాను. పాత పని పుస్తకం తీసి చూశాను. ‘బూజు’ అక్కడే ఉంది, నా చేతిరాతలో.

తెలియదని చెప్పవలసిన చోట లేదన్నాను. తెలిసిన సంగతిని ఆమె అడిగితే తెలియదన్నాను. ఆమె నన్ను క్షమించాలని కోరను. నివేదికను మాత్రం ఇప్పుడు సరిగా రాస్తున్నాను: బట్టలు తడిగా అందాయి. బూజు పట్టింది. పరీక్షకు పనికిరావు. అవునమ్మా, దానికే కనబడలేదేమో.