వజ్దీ ఉస్తాజ్ కరెంటు కోతలు

వీధికి కరెంటు అమ్మే జనరేటరు యజమానిని తిట్టకుండా ఒక్క పాటయినా రికార్డు చేసిన చరిత్ర రికార్డింగు మాస్టారు వజ్దీ ఉస్తాజ్‌కు లేదు. బీరూట్‌లో బేకరీ పైనున్న ఆయన స్టూడియోలో పాట మంచి ఊపులో ఉండగా దీపాలు ఠక్కున ఆరిపోయేవి. ఆయన చేతులెత్తి, "అబూ తోనీ, నీ జనరేటరుకు చెదలు పట్టా" అని నిట్టూర్చి, అందరికీ కాఫీ పోసేవారు. ఇనుముకు చెదలు పట్టదని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఇంటికి దక్కే జనరేటరు కరెంటు వాటానే పేరుగా పెట్టుకున్న 'ఐదు ఆంపియర్లు' అనే రాక్ బృందం తన రెండో ఆల్బమ్‌ను ఆయన దగ్గరే చేస్తోంది. మొదటిది వచ్చినప్పుడు ఒక పత్రిక, గాయని లమా గొంతు శ్రుతికి ఆమడ దూరంలో నడుస్తోందని రాసింది. లమా ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది. ఈసారీ కుదరకపోతే పాట మానేసి మేనమామ మందుల షాపులో కూర్చుంటానని తేల్చి చెప్పేసింది. డ్రమ్ములు వాయించే ఘసాన్‌కు అలాంటి బెంగలేమీ లేవు. తాను తాళం తప్పడం అసంభవమని అతని నమ్మకం. లమా తడబడినప్పుడల్లా జాలిగా తలాడించేవాడు.

బీరూట్‌లో కరెంటు ఎందుకు పోయిందని ఆరా తీసేవాడు ఇంకా పుట్టలేదు. పోతే తిడతారు, వస్తే ఇంత ఆలస్యమా అని తిడతారు. ఘసాన్ ఒళ్లుమండి అబూ తోనీ మీద ఏకంగా ఒక పాటే కట్టాడు. అది ఆల్బమ్‌లో మూడోది. కింద బేకరీలో కూడా అదే పాడుకోసాగారు.

చివరి పాట రోజున అబూ తోనీ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు.

"నా మనవరాలు కూడా నా మీద పాట పాడుతోందయ్యా. మూడు నెలలుగా నా జనరేటరు ఒక్కసారీ ఆగలేదు. కింద పిండి కలిపే మెషీను ఒక్కసారైనా ఆగిందేమో అడగండి."

వజ్దీ ఉస్తాజ్ హఠాత్తుగా కాఫీ పెట్టడానికి లేచారు. అబూ తోనీ వదల్లేదు. మీటరు దగ్గర మొదలుపెట్టి, వైరు వెంబడే పోయి, ఉస్తాజ్ బల్ల కింద దూరాడు. సరిగ్గా ఆయన కుడికాలు ఆనేచోట ఒక స్విచ్ ఉంది.

"తప్పు పాడావని మొహం మీద అనడం నాకు చేతకాదమ్మా," అన్నారు ఉస్తాజ్, తలెత్తకుండా. "ఆ మాట విన్న మనిషికి ఇక గొంతు పెగలదు. కరెంటు పోతే ఎవరి మనసూ నొచ్చుకోదు కదా."

"మరి నా మనసో?" అన్నాడు అబూ తోనీ.

లమా మొహం పాలిపోయింది. తన కోసం ఎన్నిసార్లు నొక్కారని అడిగింది.

"పదకొండు."

"మరి మిగతావి?"

ఉస్తాజ్ ఘసాన్ వైపు చూసీ చూడనట్టు చూశారు. "ఒక నలభై ఉంటాయి."

ఘసాన్ చెవులు ఎర్రబడ్డాయి. వంగి, డ్రమ్ముకు ఎప్పుడో బిగించిన మరనే మళ్లీ బిగించుకున్నాడు. లమా కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ వైరు పీకేసి, ఈసారి తప్పితే నోటితోనే చెప్పమంది.

పాట మొదలైంది. పైస్థాయి దగ్గర లమా గొంతు రవ్వంత జారింది. అందరూ ఆగిపోయారు. ఈసారి ఘసాన్ తలాడించలేదు, ఊపిరి బిగబట్టి ఉస్తాజ్‌నే చూశాడు. ఉస్తాజ్ నోరు తెరిచారు, మూశారు. నుదుట చెమట పట్టింది.

"అది... అబూ తోనీ దగ్గాడమ్మా."

అబూ తోనీ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఉస్తాజ్‌నూ, లమానూ మార్చి మార్చి చూశాడు.

"అవును తల్లీ, నేనే దగ్గాను. పొద్దుటినుంచీ ఒకటే దగ్గు. మళ్లీ పాడు."

నమ్మకం కుదిరేలా రెండుసార్లు దగ్గి చూపించాడు కూడా. లమా ఇంకా నవ్వుతూనే పాట అందుకుంది. ఆల్బమ్‌లో ఉన్నది ఆ నవ్వుతో పాడిన పాటే.