రంగం పిన్ని కథ చెప్పని రోజు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరూ బర్మా అనేవారు కాదు. రంగం అనేవారు. రంగూను పట్నం పేరే దేశం మొత్తానికీ సరిపోయింది. మా జిల్లాలో రంగం వెళ్లిన మనిషి లేని ఇల్లు అరుదు. అక్కడి బియ్యపు మిల్లుల్లో, ఓడరేవులో పని ఉండేది. కొందరు కొన్నాళ్లకు తిరిగి వచ్చేవారు, కొందరు అక్కడే స్థిరపడి ఉత్తరాలు రాసేవారు, కొందరి సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మా చిన్నాన్న ఈ మూడో రకం.

ఆయన నేను పుట్టకముందే వెళ్లాడు. మొదట్లో కబుర్లు వచ్చేవట, తర్వాత ఆగిపోయాయట. నాకు బాగా జ్ఞాపకం ఉన్న రోజులు అరవైల చివరివి. అప్పుడు అక్కడి సర్కారు బతకనివ్వక మనవాళ్లు రంగం వదిలి తిరిగి వచ్చేస్తున్నారు. విశాఖపట్నంలో ఓడ దిగి, వాల్తేరు పాసింజరులో మా ఆమదాలవలసకి వచ్చేవారు. మా వీధి స్టేషను వెనకే. మధ్యాహ్నం దాటాక దూరపు గేటు దగ్గర బండి కూత వినపడగానే, మా నానమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తేది. రేకు పెట్టెలతో దిగిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేది.

"మావోడు కనిపించినాడేటి బాబూ? ఎడం కనుబొమ్మ మీద గాటుంటాది."

లేదమ్మా అనేవారు. కొందరు విసుక్కునేవారు. నానమ్మ తిరిగి వచ్చి, వదిలేసిన పని మళ్లీ అందుకునేది.

అలా దిగినవాళ్లలోనే ఒకావిడ మా వీధి చివరింటి వసారా అద్దెకు తీసుకుంది. భర్త అక్కడే పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నే చేపలు, అరటిదూట వేసి పలచటి పులుసు కాచి, బియ్యప్పిండితో చేసిన సేమియా మీద పోసి, స్టేషను బయట కూర్చుని అమ్మేది. పిల్లలం ఆవిడని రంగం పిన్ని అనేవాళ్లం.

"అక్కడేటి పని సేసేదానివి?" అని మా అమ్మ ఒకసారి అడిగింది.

"కథలు రాసేదాన్ని అప్పా. పుస్తకాలు," అంది ఆవిడ, ఊరగాయ పెట్టేదాన్ని అన్నంత మామూలుగా.

అప్పా అంటే అక్కా అని. అమ్మ నవ్వేసింది. నవ్వడానికి కారణం ఉంది. రేషను కార్డు కోసం వెళ్లినప్పుడు పిన్ని వేలిముద్ర వేయడం వీధిలో అందరూ చూశారు. ఆవిడ బడి చదువంతా బర్మా భాషలో సాగింది, తెలుగు అక్షరం రాదు. బర్మా భాషలో సంతకం పెడితే గుమస్తా ఒప్పుకోలేదు. వేలిముద్ర వేసే మనిషి పుస్తకాలు రాయడమేమిటని వీధి వీధంతా నవ్వుకుంది. పోనీ చూపిద్దామంటే ఆవిడ దగ్గర ఒక్క పుస్తకం లేదు. ఓడ ఎక్కేచోట కాగితం ముక్క కూడా తేనివ్వలేదట.

మా అన్నయ్య కనబడినప్పుడల్లా ఏడిపించేవాడు. "పిన్నీ, రంగంలో ఏనుగులు కూడా సదివేవేటి నీ కథలు?"

"ఏనుగులు సదివితే బావుణ్ణురా గుంటడా, ఒకపాలి సదివితే మర్సిపోవు," అనేది పిన్ని.

నాకు నవ్వు రాలేదు. కథల పుస్తకాలు చదవడం అప్పుడే మొదలుపెట్టాను. వాటిని మనుషులు రాస్తారని, ఆ మనుషులు అరటిదూట తరుగుతారని నాకు అంతకుముందు తెలియదు. బడి వదలగానే వెళ్లి ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. ఎలా రాస్తారు, ఎక్కడ కూర్చుని రాస్తారు, ముందు పేరు పెడతారా చివర పెడతారా, అన్నీ అడిగేదాన్ని. ఆవిడ చెయ్యి ఆపకుండా జవాబు చెప్పేది.

ఆవిడ నాన్న టెక్కలి వైపు నుంచి వెళ్లి రేవులో మూటలు మోసినవాడు. ఆవిడ రంగంలోనే పుట్టింది. బడిలో పక్క పిల్లల కోసం కథలు అల్లడం అలవాటైంది. పెద్దయ్యాక ఒకటి పత్రికకి ఇస్తే, సంపాదకుడు కథ బాగుందన్నాడు గానీ పేరు మార్చుకోమన్నాడట. మూటలు మోసేవాళ్ల పిల్ల రాసిందంటే ఎవరూ చదవరన్నాడు. అలా ఆవిడకి ఒక బర్మా పేరు వచ్చింది. ఆ పేరుతో ధారావాహికలు వచ్చాయి, తర్వాత పుస్తకాలు అయ్యాయి. అవి చదివినవాళ్లలో ఎక్కువమందికి ఆవిడ తెలుగు మనిషని తెలియనే తెలియదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది అద్దె పుస్తకాల కొట్ల సంగతి. అక్కడ సందు సందుకీ ఒక కొట్టు ఉండేదట. పుస్తకానికి మందపాటి అట్ట కుట్టి రోజువారీ అద్దెకిచ్చేవారు. పిన్ని బజారు బుట్ట పట్టుకుని, ఎవరో అన్నట్టు లోపలికి వెళ్లి, తన పుస్తకమే తీసి చూసుకునేది. చదవడానికి కాదు. ఏ పేజీ ఎంత నలిగిందో చూడటానికి.

"సెంద్రుడూ, ఏరూ, ఎన్నెలా అని నాను తెగ రాసేసిన పేజీలుంటాయి సూడు, అవి కొత్తపెళ్లికూతుర్లాగ తెల్లగా ఉండేవి," అంది. "మడిసి ఆకలితో కూకున్న పేజీ, తలుపు కాడ నిలబడి ఎవులికోసమో సూసిన పేజీ, అవి నల్లగా మాసిపోయేవి. ఇంటికొచ్చి, రాస్తన్న కథలో ఎన్నెల తీసీసేదాన్ని."

అర్థమైనట్టు తల ఊపాను. అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ వేసవిలో నానమ్మ ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. దిగేవాళ్ల తోపులాటలో ఎవరి పెట్టో తగిలింది. మోకాలు చీరుకుపోయింది, ముఖం వాచింది. అయినా రేపు కూడా వెళ్తానంది. నాన్న కేకలేశాడు, బతిమాలాడు. ధాన్యం కొట్లో పని చేసే మనిషి, రోజూ బండి వేళకి ఇంట్లో ఉండి కాపలా కాయలేడు. ఈసారి పట్టాల మీద పడితే ఏమిటి గతి అని ఆయన భయం. చివరికి ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్లాడు.

"కథలు రాసినదానివంటారు కదమ్మా. మా అమ్మకో కథ సెప్పు. రంగంలో మావోణ్ణి సూసినానని, పెళ్లి సేసుకున్నాడని, పిల్లల్తో సుకంగా ఉన్నాడని. రాడని తెలిస్తే ఎల్లడం మానేస్తాది. నీకు పున్నెముంటాది."

పిన్ని గిన్నెలు సర్దుకుంది. "రేపు వొస్తాను బావా," అని మాత్రం అంది.

ఆ రాత్రి నేను చాలా ఆత్రంగా ఉన్నాను. ఒక రచయిత కథ అల్లడం కళ్లారా చూడబోతున్నాను. చిన్నాన్న పెళ్లాం ఎలా ఉంటుంది, పిల్లల పేర్లేమిటి, పిన్ని ఏం చెబుతుందో అని నాలో నేనే కొన్ని తయారు చేసి పెట్టుకున్నాను.

మర్నాడు బండి రావడానికి ముందే పిన్ని వచ్చింది. నానమ్మ వీధి వసారాలో చేట ముందు పెట్టుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. పిన్ని కూడా ఎదురుగా కూర్చుని ఒక ముద్ద చేతిలోకి తీసుకుంది. నాన్న గడప దగ్గర నిలబడ్డాడు. అమ్మ లోపలి నుంచి వింటోంది. అన్నయ్య, నేను స్తంభం పక్కన.

నానమ్మే అడిగింది. "ఓలమ్మా, నువ్వా రంగంలోనే పుట్టినావంట. మావోణ్ణి సూసినావేటి?"

నాన్న పిన్ని వైపు చూశాడు.

"లేదత్తా," అంది పిన్ని. "నాను సూళ్లేదు. నాతో ఓడలో వొచ్చినోళ్లని కూడా అడిగినాను. ఎవులికీ తెల్దు."

నాన్న ముఖం మాడిపోయింది. లోపల ఏదో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది. నానమ్మ చేట పక్కకి జరిపి, గోడ పట్టుకుని లేవబోయింది. "బండేల అవుతున్నాది. ఎల్తాను."

"ఇంకా టైమున్నాది, కూకో. మావోడు మావోడంటన్నావు, ఎవులత్తా మీవోడు? నాకు తెల్దు కదా. ఏటి తినేవోడు?"

ఆ ప్రశ్నకి నానమ్మ తికమక పడింది. ఇన్నాళ్లూ అడగడమే తప్ప ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదు. "ఏటి తింటాడు? ఎండుసేప కాలిస్తే కంచం నాకీసేవోడు," అంటూ మళ్లీ కూర్చుంది.

"కోపమొస్తే?"

"కోపమొస్తే మాతో మాటాడ్డం మానీసి, గేదె కాడికెల్లి దానికి సెప్పుకునేవోడు. అదీ తలూపేది, దొంగముండ."

అన్నయ్య ఫక్కుమన్నాడు. నాన్న కూడా గడప మీద కూర్చున్నాడు.

"పడుకుంటే ఏ పక్కకి తిరిగేవోడు?"

"పక్కేటి! పక్కనున్నోడి మీద కాలేసీవోడు. ఈడి తమ్ముడే కదా, ఈణ్ణడుగు," అని నాన్నని చూపించింది.

"అయితే మిల్లు కొట్టంలో తన్నులు తినుంటాడు," అంది పిన్ని. "మనోళ్లంతా అక్కడ వరసగా పడుకుంటారు. ఇసుమంత జాగా. ఒకడు కాలేస్తే వరసంతా లెగుస్తాది." ఆ తర్వాత ఆవిడ ఆ కొట్టం ఎలా ఉంటుందో చెప్పింది. తెల్లవారకముందే మిల్లు కూత కూయడం, ఊక వాసన బట్టలకి పట్టి ఉతికినా పోకపోవడం, సెలవు రోజున మన వైపు వాళ్లంతా ఏటి ఒడ్డున చేరి జముకు వాయించి పాడుకోవడం. ఏ ఒక్కటీ చిన్నాన్న గురించి కాదు. అన్నీ తను చూసినవే. నానమ్మ రెప్ప వేయకుండా వింది. కొడుకు ఇన్నేళ్లూ ఏ చోటా లేకుండా ఉన్నాడు ఆవిడకి. ఇప్పుడు పడుకోవడానికి ఒక చోటు దొరికింది.

అప్పుడు పిన్ని మెల్లగా అడిగింది. "అందర్నీ గాటు గురించే అడుగుతావు కదత్తా. అదెలగయినాది?"

చింతాకు కోసం చెట్టెక్కి పడ్డాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న అదే చెప్పబోయాడు. నానమ్మ చెయ్యెత్తి ఆపింది.

"సెట్టు కాదు. నానే. గరిటి ఇసిరీసినాను."

కరువు రోజులట. దొరికిన గుప్పెడు నూకలు వండి పెడితే, వీధిలోకి వచ్చిన ఒక ముసలాయనకి పెట్టేశాడట చిన్నాన్న. అప్పుడు వాడు ఇంకా చిన్నపిల్లాడు. ఆకలి మీద ఉన్న నానమ్మ చేతిలో ఉన్న గరిటె విసిరింది. నెత్తురు కారుతుంటే వాడు ఏడవలేదట. "సెట్టు మీంచి పడ్డానని సెప్తానే, నాన్న నిన్ను తిడతాడు," అన్నాడట. ఆ అబద్ధం వాడే కట్టాడు, ఇంటిల్లిపాదీ నమ్మారు.

నానమ్మ ఏడవలేదు. పిక్కలు తీయడం మాని, ఆ రోజు వాడు కట్టుకున్న గోచీ దగ్గర్నుంచి, గాయానికి పెట్టిన పసుపు దాకా చెప్పుకుంటూ పోయింది. ఆ ముసలాయన ఎవరో, ఎటు వెళ్లాడో చెప్పింది. పిన్ని మధ్యలో ఒక్కో చిన్న ప్రశ్న వేస్తోంది, అంతే.

దూరపు గేటు దగ్గర బండి కూసింది.

మేమందరం నానమ్మ వైపు చూశాం. ఆవిడ పసుపు సంగతి చెబుతోంది. బండి వచ్చింది, ఆగింది, మళ్లీ కూసి కదిలింది. నానమ్మకి వినపడలేదు. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూశాను.

పిన్ని లేచినప్పుడు నానమ్మ ఆవిడ కొంగు పట్టుకుంది. "రేపు బేగి రా. ఇంకా సగం కూడా సెప్పలేదు."

నాన్న వీధి దాకా వెళ్లి, కథ ఎందుకు చెప్పలేదని అడిగాడు. కోపంతో కాదు. పిన్ని చింతపండు జిగురు చేతులు దులుపుకుంటూ అంది. "కథ సదివినోడికి అది కథని తెలుసు బావా. అత్తకి తెల్దు కదా. తెలీనోళ్లకి సెప్తే అది కథవ్వదు."

నానమ్మ స్టేషనుకి వెళ్లడం పూర్తిగా మానలేదు. పరుగెత్తడం మానేసింది. పిన్ని పక్కన కూర్చునేది, ఎవరైనా రంగం నుంచి వచ్చినట్టు కనబడితే అడిగేది, లేదంటే మళ్లీ తన మాటల్లో పడేది. చిన్నాన్న రాలేదు. కొన్నేళ్లకి నానమ్మ పోయింది.

పిన్ని నా దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నా పాత రెండో తరగతి వాచకం ఆవిడకి సరిపోయింది. బర్మా అక్షరాలూ గుండ్రంగానే ఉంటాయట, చెయ్యి తొందరగా తిరిగింది. నేను కాలేజీలో చేరాక ఆవిడ తెలుగులో రాసిన కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. అందులో ఒక ముసలమ్మ రోజూ స్టేషనుకి వెళ్తుంది. చివర్లో బండి ఆగుతుంది, కనుబొమ్మ మీద గాటున్న మనిషి దిగుతాడు. ఎక్కడా వెన్నెల లేదు. అప్పుడు చెప్పని మాట ఇప్పుడెలా రాశావని అడిగాను.

"ఇది కథే కదే. అందరికీ తెలుసు," అంది. "ఇప్పుడు దింపొచ్చు."

పిన్ని కూడా ఇప్పుడు లేదు. ఆవిడ బర్మా పుస్తకాలు ఒక్కటైనా ఎక్కడైనా మిగిలి ఉన్నాయేమో నాకు తెలియదు. మిగిలి ఉంటే ఏ పేజీలు మాసి ఉంటాయో చూడాలని ఉంటుంది.

ఈ ఏడు మా అన్నయ్య పోయాడు. పరామర్శకి వచ్చినవాళ్లు వదినకి మంచి మాటలే చెప్పారు. పుణ్యాత్ముడన్నారు, ఆకాశంలో చుక్కై చూస్తుంటాడన్నారు. వదిన అన్నిటికీ తల ఊపింది, దేనికీ నోరు విప్పలేదు. అందరూ వెళ్లాక నేను పక్కన కూర్చుని అడిగాను, అన్నయ్య ఏ పక్కకి తిరిగి పడుకునేవాడని.

వదిన నా వైపు చూసింది. "గోడేపే. ఫేను గాలి మొకానికి తగిల్తే నిద్దర పట్టదంటారు," అంది. ఆ తర్వాత ఆగలేదు. కలిసి పెరిగిన నాకు కూడా తెలియని మనిషి ఒకడు ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నిద్రలో లెక్కలు చెప్పేవాడట. రైలు కూత వినపడితే ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం ఆగేవాడట, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదట.

నేను లేచేసరికి చీకటి పడింది. వదిన గుమ్మం దాకా వచ్చింది.

"రేపొస్తావా? ఇంకా ఉన్నాది సెప్పడానికి."

వస్తానన్నాను. అడగవలసినవి నా దగ్గరా ఇంకా చాలా ఉన్నాయి.