జి. కొండూరు చీటీ

1988 మే నెల. నూజివీడులో ఒక మామిడి రైతుల సంఘం ఆఫీసు. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద ఊళ్లో చాలామంది పనిగట్టుకుని చూడటానికి వచ్చే కంప్యూటరు, దాని వెనక నేను. నా వయసు ఇరవై నాలుగు. విజయవాడలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రామర్ని. పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేదాన్ని. నాకు తెలియని విద్య లేదనుకునే వయసు అది.

ముందు ఆ సంఘం ఏం చేసేదో చెప్పాలి. తన తోటలో కాయ ముదిరిందని రైతు వచ్చి చెబితే గుమాస్తా పూర్ణయ్యగారు ఆ తారీఖు పుస్తకంలో రాసుకునేవారు. ఊరికో కోత ముఠా ఉండేది. చెట్టెక్కేవాళ్లు, చిక్కం కట్టిన గడతో కాయ దించేవాళ్లు, బుట్టలు మోసేవాళ్లు కలిపి పదిమంది. ఎవరి కాయ ముందు ముదిరితే వాళ్ల తోటకే ముఠా ముందు వెళ్లాలని సంఘం నియమం. నియమం పుస్తకంలో ఉండేది, ముఠా మాత్రం పెద్ద రైతు తోటలో ఉండేది. చిన్న రైతులు రెండేళ్లు గొడవపెట్టాక, మనిషికి మొహమాటం ఉంటుంది గానీ మిషనుకు ఉండదని కంప్యూటరు తెప్పించారు.

నేను రాసిన ప్రోగ్రాం చేసే పని చిన్నదే. పూర్ణయ్యగారు ఊరి పేరు టైపు చేస్తే, ఆ ఊళ్లో అందరికంటే ముందు కాయ ముదిరిన రైతు ఎవరో వెతికి చీటీ మీద అచ్చు వేస్తుంది. ఫైల్లోంచి మనకు కావలసింది ఇలా అడగడాన్ని మేము క్వెరీ అంటాం. ఊరికో క్వెరీ రాయకుండా ఒక్కటే రాసి, ఊరి పేరు రావలసిన చోట ఖాళీ వదులుతాం. అడిగినప్పుడల్లా ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేదే పారామీటర్. శుభలేఖలన్నీ ఒకే మాదిరిగా అచ్చు వేయించి, పైన పేరు మాత్రం చేత్తో రాసుకోవడం లాంటిదే ఇది.

‘నూజివీడు’ అని కొట్టి చూశాను, జవాబు సరిగ్గా వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ వచ్చింది. "ఇక మీ పుస్తకం అటకెక్కించెయ్యండి పూర్ణయ్యగారూ" అన్నాను. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం రాసిన మనిషి ఆయన. దానికి దారం చుట్టి అటక మీద పెట్టారు.

కోతలు మొదలైన అయిదో రోజు పొద్దున పదింటికి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చీర కొంగుకి మామిడి సొన మరకలు. నిలబడే అడిగింది.

"కంప్యూటరు చూసే అమ్మాయివి నువ్వేనా?"

"నేనేనండి. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదమ్మా. మాది జి. కొండూరు. నా పేరు మహాలక్ష్మమ్మ. మా తోటలో కాయ ముదిరిందని చెప్పి ఎనిమిది రోజులైంది. ముఠా రాలేదు. నిన్నటి నుంచి కాయలు వాటంతటవే రాలుతున్నాయి. ఆకాశం చూస్తే మబ్బు పడుతోంది. ఒక్క గాలి కొడితే ఏడాది కష్టం నేల పాలు. మా ఆయన పోయాక ఆ నాలుగెకరాలే నాకు దిక్కు."

ఆ ఊరి ముఠా మరి నాలుగు రోజులుగా ఎక్కడుందని అడిగాను. కోటేశ్వరరావు తోటలో ఉందన్నారు పూర్ణయ్యగారు.

"ముఠావాళ్లు ఆయన తోటలోనే ఉన్నారు, చూశాను" అంది మహాలక్ష్మమ్మ. "ఆ కాయకింకా టెంకైనా గట్టిపడలేదు. ఇదేంటండీ అంటే, కంప్యూటరే చెప్పాక ముదిరినట్టే కదా అన్నాడు."

బల్ల పక్కన ఇనప కమ్మికి చీటీల నకళ్లు గుచ్చి ఉన్నాయి. తీసి వరసగా పేర్చాను. నూజివీడు ముఠాకి కోటేశ్వరరావు. బాపులపాడు ముఠాకి కోటేశ్వరరావు. జి. కొండూరు ముఠాకీ కోటేశ్వరరావే. పన్నెండు ఊళ్లకి ఒకే పేరు.

ముదిరిన తారీఖుల ప్రకారం పేర్చిన ఫైల్లో మొదటి రికార్డు, అంటే మొదటి రైతు వివరాలు, నూజివీడు కోటేశ్వరరావుది. పెద్ద తోట, కోత వారం పడుతుంది. ఏ ఊరి పేరు కొట్టినా ప్రోగ్రాం ఆయన్నే అచ్చు వేస్తోంది. మరి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదంటారా? మా కృష్ణా జిల్లాలో కోటేశ్వరరావు లేని ఊరు లేదు. ఏ ఊరి ముఠా ఆ ఊళ్లో ఉన్న కోటేశ్వరరావుని వెతుక్కుని వెళ్లింది. ఆయన కూడా అదృష్టం కలిసొచ్చిందనుకుని గేటు తీశాడు. చీటీ మీద ఇంటిపేరుకి చోటు చాలదని వదిలేసింది నేను. ముఠాకి తన ఊరు తెలియదా అని ఊరి పేరు కూడా వెయ్యనిది నేను. అంతా నా తెలివే.

పూర్ణయ్యగారు చిన్న కాగితం తీశారు. "అమ్మా, రేపటికి నీ పేరు నేను చేత్తో రాసిచ్చేస్తాలే. ముఠాని పంపిస్తాను."

మహాలక్ష్మమ్మ ఆ కాగితం అందుకోలేదు. "మా ఊళ్లో నాలాగా ఎదురుచూసేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?"

"ఈ ఏడాది తారీఖులు పుస్తకంలో రాయలేదమ్మా. అన్నీ ఆ మిషన్లోనే ఉన్నాయి."

"అయితే వద్దండి. పెద్ద రైతులు ఇలా చీటీలు రాయించుకుంటున్నారనే కదా రెండేళ్లు పోట్లాడాం. నా వరస వచ్చినప్పుడే నాకివ్వండి." అని అప్పుడు కూర్చుంది. ఎక్కడికీ వెళ్లేది లేదన్నట్టు చెప్పులు కూడా విప్పేసింది.

సాయంత్రం అయిదింటికి ముఠా పెద్దలు మర్నాటి చీటీల కోసం వస్తారు. అప్పటిలోగా ఇది తేల్చకపోతే ఇంకోసారి ఆ కుర్చీలో కూర్చోకూడదనుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, అంతకంటే నా మీద నాకే కోపంగా ఉంది. కోపం ఒక్కటే పనికొచ్చింది.

ప్రోగ్రాం తప్పు వెతకడమంటే అనుమానం ఉన్న దారిలో అడుగడుగునా కాపలా పెట్టడం. పారామీటర్లో ఏముందో తెరమీద చూపించే లైన్లు మూడు చోట్ల పెట్టాను. జి. కొండూరు అని కొట్టాను. మొదటి కాపలా దగ్గర: జి. కొండూరు. రెండో దగ్గర: జి. కొండూరు. మూడో దగ్గర: నూజివీడు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. బాపులపాడు అని కొట్టాను. బాపులపాడు, బాపులపాడు, నూజివీడు. రెండో కాపలాకీ మూడో కాపలాకీ మధ్య ఉన్నది ఒకే ఒక లైను, తోటల ఫైలు తెరవమని చెప్పేది. ఫైలు తెరిస్తే పారామీటర్ ఎలా మారుతుంది? దాన్ని మార్చమని నేనెక్కడా రాయలేదు. అంతలో కరెంటు పోయింది.

ఒంటిగంట. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ప్రోగ్రాం ప్రింటవుట్ నేల మీద చాపలా పరిచి, పెన్సిల్ పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. మహాలక్ష్మమ్మ తెచ్చుకున్న అన్నం మూట విప్పి, నాకో ముద్ద ఆవకాయ అన్నం చేతిలో పెట్టింది.

"ఏమమ్మా, దొంగ దొరికాడా?"

"ఇల్లు తెలిసింది. మనిషి దొరకలేదండి. పిన్నిగారూ, మీ ఊళ్లో కోటేశ్వరరావులు ఎంతమంది?"

ఆవిడ నవ్వింది. "ఆ పేరు నా నోట రాదమ్మా, మా మామగారి పేరు. మావాడికీ తాతగారి పేరే పెట్టాం. కానీ మామగారి పేరు పెట్టి కొడుకునెలా పిలుస్తాను? బుజ్జి అనే పిలిచేదాన్ని."

"బయటివాళ్లు అసలు పేరుతో పిలిస్తే ఎవరు పలికేవారు?"

"మామగారు తోటకెళ్తే మావాడు పలికేవాడు. ఆయన ఇంట్లో ఉంటే ఆయనే ‘ఆఁ’ అనేవారు. పెద్దాయన ఉండగా పిల్లాడెలా పలుకుతాడు?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ప్రింటవుట్ వంక చూశాను. ప్రతి రికార్డులోనూ ఊరి పేరు రాసుకునే గడి ఒకటి ఉంటుంది, దాన్ని ఫీల్డ్ అంటాం. ఆ ఫీల్డ్‌కి నేను పెట్టిన పేరు ‘విలేజ్’. పారామీటర్‌కి పెట్టిన పేరూ ‘విలేజ్’. ఫైలు తెరవకముందు ఆ పేరుతో పిలిస్తే పారామీటర్ పలికింది. ఫైలు తెరిచాక పెద్దాయన ఇంట్లోకి వచ్చినట్టే, ఫీల్డ్ పలికింది. మేము వాడే ప్యాకేజీ పద్ధతే అది. తప్పు దానిది కాదు, ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టి, ఎవరు పలుకుతారో చూసుకోని నాది. నా క్వెరీ నాలుగు రోజులుగా అడుగుతున్నదేమిటంటే, తన ఊరు తన ఊరే అయిన రైతుని చూపించమని. మొదటి రికార్డులోనే దొరికాడు. ఇంకెందుకు వెతుకుతుంది?

"పిన్నిగారూ, బుజ్జి!" అని అరిచాను. ఆవిడకి అర్థం కాలేదు గానీ నా మొహం చూసి నవ్వింది.

మూడున్నరకి కరెంటు వచ్చింది. పారామీటర్‌కి వేరే పేరు పెట్టాను. అది వచ్చే ప్రతిచోటా మార్చాను, ఒక్కటీ వదలలేదు. చీటీ మీద ఊరి పేరు, ఇంటిపేరు చేర్చాను. ఈసారి నూజివీడు కొట్టలేదు. జి. కొండూరు కొట్టాను. ప్రింటరు కిర్రుమంటూ చీటీ వదిలింది.

దాని మీద మహాలక్ష్మమ్మ పేరు లేదు. నాగమణి అని ఉంది.

చీటీ ఆవిడకే ఇచ్చాను. కూడబలుక్కుని చదువుకుంది.

"నిజమే. నాగమణి కాయ నాకంటే రెండు రోజుల ముందు ముదిరింది. ఆ పిల్ల ఇక్కడిదాకా వచ్చి అడగలేదంతే" అంది. "ఆ తర్వాత?"

తర్వాతి పేరు ఆవిడదే. నాగమణి తోట ఒక్కరోజు పని, ఎల్లుండి ముఠా ఆవిడ దగ్గరికి వెళ్తుంది. పూర్ణయ్యగారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆ ఒక్క చీటీ చేత్తో మార్చేద్దామని ఇద్దరికీ అనిపించింది, కానీ మార్చలేదు. మహాలక్ష్మమ్మ చెప్పులేసుకుని అయిదింటి బస్సుకి వెళ్లిపోయింది.

మర్నాడు ముఠా నాగమణి తోట ఖాళీ చేసిన మూడు గంటలకి గాలివాన వచ్చింది.

ఆదివారం నేను జి. కొండూరు వెళ్లాను. రమ్మని ఎవరూ అనలేదు, వెళ్లకుండా ఉండలేకపోయాను. చెట్ల కింద రాలిన కాయ పోగులు పోసి ఉంది. దెబ్బతిన్న బంగినపల్లి మగ్గదు, కుళ్లుతుంది. మూడో వంతు పోయిందని చెప్పింది ఆవిడ. నా తప్పు వల్ల ముఠా పక్క తోటలో గడిపిన ఆ నాలుగు రోజులుంటే ఒక్క కాయ రాలేది కాదు. "నన్ను క్షమించండి పిన్నిగారూ" అని ఏడ్చేశాను.

ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. "ఇప్పుడు చీటీ మీద ఊరి పేరు వేస్తున్నావా?" అని అడిగింది.

"వేస్తున్నానండి."

"అయితే సరే. ఎండన పడి వచ్చావు, లోపలికి రా. మజ్జిగ తాగుదువుగాని."

ఆ తర్వాత చాలా ఏళ్లు, చాలా చోట్ల ప్రోగ్రాములు రాశాను. పారామీటర్‌కి ఫీల్డ్ పేరు ఇంకెప్పుడూ పెట్టలేదు, కానీ అది ఏ పుస్తకం చదివినా తెలిసే సంగతే. ఆ ఏడు నేను నేర్చుకున్నది వేరు. దగ్గరున్న ఊరు కొట్టి, జవాబు సరిగ్గా వచ్చిందని మురిసిపోయి లేచాను. దూరపు ఊరు ఒక్కసారి కొట్టి ఉంటే సరిపోయేది. అందుకే ఆసుపత్రికి రాసినా, లైబ్రరీకి రాసినా, నా ప్రోగ్రాంలో మొదటి పరీక్ష జి. కొండూరు పేరుతోనే.

"ఈ ఊరెక్కడుంది మేడమ్?" అని జూనియర్లు అడుగుతుంటారు.

"మొదటి రికార్డులో లేని ఊరు" అంటాను.