బండికి రెండంగుళాల స్పాంజి

హిందూపురం నుంచి ధర్మవరానికి వారానికి రెండుసార్లు బండి మీద పట్టుదారం మోస్తాను. పెనుకొండ దాటేసరికి కూర్చునే చోటంతా మంట పుట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు జరుగుతుంటాను. ఇక నా వల్ల కాదని ఈ రోజు పొద్దున్నే సీట్లు కుట్టే బాషా అన్న దగ్గర పాత రెగ్జిన్ విప్పించి, లోపల రెండంగుళాల స్పాంజి వేయించుకున్నాను.

ధర్మవరంలో దారం దించుతూ, గుంత మగ్గంలోకి కాళ్ళు దించి, అంచున చెక్క పలక మీద కూర్చుని చీర నేస్తున్న నారాయణ మామకు ఆ సంగతి గొప్పగా చెప్పాను. "రెండు గంటలు కూసుంటే నడుము పడిపోతాండాది మామా" అని కూడా అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది.

"నేను ముప్పై ఏండ్లుగా ఈ పలక మీదే కూసోనుండానప్పా. మిగిలిన స్పాంజి ముక్క ఏమన్నా ఉండాదా?"

ఆయన కింద, పలక మీద, నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి ఉంది. ఆరేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నా, దాన్ని ఈ రోజే చూశాను.

తిరుగు దారిలో హిందూపురం దాకా ఆ మెత్తటి సీటు మీద ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేకపోయాను. మీకెప్పుడైనా స్పాంజి గుచ్చుకుందా?