ఆ బస్సు ఎందుకు వెనక్కి తిరిగింది

తాత పోయిన రెండేళ్లకు పుట్టింది మనవరాలు. ఆయన్ని ఫొటోలో తప్ప చూడలేదు. అయినా ఆయన బస్సు డ్రైవరని, ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక్కసారి మాత్రం నిండు బస్సును నడిదారిలో వెనక్కి తిప్పాడని ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. ఎందుకు తిప్పాడన్న దగ్గరే పేచీ.

ఇంట్లో నలుగురు చేరితే చాలు, ఆ బస్సు బయల్దేరేది.

"చంటిపిల్ల చెప్పు కిటికీలోంచి పడిపోయింది. దాని ఏడుపు చూడలేక తిప్పాడు" అనేది అత్త.

"చెప్పు లేదు, గిప్పు లేదు! పడింది ఓ ముసలాయన కట్టుడుపళ్లు" అనేవాడు బాబాయి.

తమ నాన్నే స్వయంగా చెప్పాడని ఇద్దరూ ఒట్టేసేవారు. నానమ్మ ఎటూ తేల్చేది కాదు.

మనవరాలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఒకరోజు చూపు పరీక్షకు వచ్చిన ముసలాయన కుర్చీలో సర్దుకుంటూ, "దూరం నుంచి బస్సు నంబరు కనబడితే చాలమ్మా. పాతికేళ్లు కండక్టరుగా చేశాను" అన్నాడు. ఏ డిపో అని అడిగింది. తాత డిపోయే! తాత పేరు చెప్పగానే ఆయన ముక్కు మీది పరీక్ష ఫ్రేముతోనే గిరుక్కున తిరిగాడు.

"వాడి మనవరాలివా! పదకొండేళ్లు ఒకే బండి మీద చేశాం."

ఆమె ఆగలేకపోయింది. "బస్సు వెనక్కి తిప్పినరోజు మీరున్నారా? పడింది చెప్పా, పళ్లా?"

"అవెక్కడివి?" ముసలాయన పడీపడీ నవ్వాడు. "వదిలేసొచ్చింది మీ నానమ్మని! మంచినీళ్లకని దిగింది. నేను చూసుకోకుండా రైట్ రైట్ అన్నాను. నాలుగు మైళ్లు పోయాక వాడు అద్దంలో చూస్తే ముందు సీటు ఖాళీ. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదనుకో!"

సాయంత్రం ఇంటికి రాగానే మనవరాలు నానమ్మ ఎదురుగా చతికిలబడి, విన్నదంతా చెప్పింది. నానమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"ఆ కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు కదా!"

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"పెళ్లాన్ని దారిలో మర్చిపోయానని ఏ మగాడు చెప్పుకుంటాడే? కూతురికో కథ, కొడుక్కో కథ అల్లాడు. పాపం, ఆయన పరువెందుకు తీయాలని నేనూ తలూపాను."

"ఇప్పుడైనా చెప్పొచ్చుగా?"

"నిజం తేలిపోతే వాళ్లు పోట్లాడుకోవడం మానేస్తారు. ఆయన పోయి ఇరవయ్యారేళ్లు. ఆ పోట్లాటలోనేగా ఇంట్లో ఆయన ఊసు వినబడేది!"

ఎవరికీ చెప్పనని మనవరాలు మాటిచ్చింది. కుతూహలం మాత్రం తీరలేదు. "బస్సు తిరిగొచ్చాక తాత ఏమన్నాడు?"

"ఏమంటాడు? నేలచూపులు చూశాడు. ఎక్కి సరిగ్గా ఆయన వెనకే కూర్చున్నా. దారి పొడుగునా తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి."

ఫొటోలో తాతకు టోపీ ఉంది. ఇన్నేళ్లుగా ఆయన చెవుల గురించి ఎవరూ ఒక్క మాటా చెప్పలేదు.

"పెద్ద చెవులా?"

"చేటలే!"

మనవరాలు చిక్కుళ్ల పళ్లెం తన ఒళ్లోకి లాక్కుంది. "ఇంకా చెప్పు."